మా ఉడుకర్రకు కట్టెలా, కరెంటా

దగ్గరికి జరగండి. ఆ గోడకు ఆనుకుంటే సున్నం అంటుతుంది, ఇటు చాప మీదికి రండి. కాళ్లు చాపుకొని కూర్చోండి, మొహమాటం వద్దు. నేను చెప్పబోయేదంతా కాళ్లు చాపుకోవడం గురించే.

నేను పుట్టింది కామారెడ్డిలో, నన్నిచ్చింది ఎల్లారెడ్డిలో. మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా నీళ్లు పోసేది మా అత్తే. పెరట్లో బండ మీద కాళ్లు బారజాపి కూర్చునేది. బిడ్డను తన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోసేది. నాకు పుట్టింట్లో చేసేవాళ్లు లేక, నా పిల్లలు ముగ్గురూ ఆ కాళ్ల మీద తేలినవాళ్లే. వాళ్ల ముక్కులు సూటిగా ఉన్నాయంటే అది తన చేతి చలవేనని మా అత్త బతికున్నన్నాళ్లూ చెప్పింది. మా పెద్దోడి ముక్కు కొంచెం వంకర. ఆ వారం తనకు జ్వరమని చెప్పేది.

కరెంటు తీగ ఇంటింటికీ వచ్చి, ఆ తీగలోకి కరెంటు మాత్రం వాటాల మీద వచ్చే కాలం అది. మా మరిది గల్ఫ్‌లో ఒక హోటల్లో పనిచేసేవాడు. ఆ ఏడు చలికాలం ముందు ఛుట్టీ మీద ఇంటికి వచ్చాడు. మా యారాలు, అంటే మరిది భార్య, అప్పుడు కడుపుతో ఉంది. శివరాత్రి లోపల కాన్పు అన్నారు. మొదటి కాన్పు ఆమె పుట్టింట్లో, గాంధారిలో అయింది. ఆ బిడ్డకు ఆమె తల్లే నీళ్లు పోసుకుంది. అది పద్ధతే కాబట్టి మా అత్త ఏమీ అనలేదు. "రెండోది నాది" అని మాత్రం ఆ రోజే అంది.

ఆ రెండోది వచ్చే వేళకు మా అత్త మోకాళ్లు పట్టేశాయి. చిన్నప్పటి నుంచి మఠం వేసుకుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ కాళ్లు పూర్తిగా మడతపడవు, పూర్తిగా చాపుకోవు, మధ్యలో ఆగిపోయాయి. వాకిట్లో కుర్చీ వేసుకుని బీడీలు చుట్టేది. బీడీలకు కుర్చీ అయినా ఒకటే, నేల అయినా ఒకటే. కుర్చీలో కూర్చుని పసిబిడ్డకు నీళ్లు పోయడం మాత్రం కుదరదు.

ఈ సంగతి గాంధారికి ఎలా చేరిందో చేరింది. అక్కడి వియ్యపురాలు మనిషితో మాట పంపింది. "వదినెకు కష్టమైతే నేనొచ్చి పోస్త అని చెప్పమన్నది. ఆమె మోకాళ్లు మంచిగనే ఉన్నయట."

మా అత్త చుడుతున్న బీడీ చేతిలో అలాగే ఆగింది.

"మంచిగుంటే మంచిదే" అంది. "ఎవరి మోకాళ్లు వాళ్లకు."

ఆ రోజు ఆమె అన్నం సగమే తింది. అందుకే మా మరిది ఆ ఆలోచన చేశాడు.

"అవ్వా, నేను పనిచేసే హోటల్ల ఒక అర్ర ఉంటది. అండ్ల రాళ్లు కాలవెడ్తరు. కాలిన రాళ్ల మీద నీళ్లు పోస్తే ఉడుకు లేస్తది. అండ్ల మనుషులు కూసుంటరు."

"కూసోని ఏం చేస్తరు?"

"ఏం చెయ్యరు. చెమట పడ్తది."

"ఏం పని చెయ్యకుండనే చెమటనా?"

"ఔ."

"నువ్వేం చేస్తవు?"

"నీళ్లు పోస్త, తువ్వాళ్లిస్త. నడవరాకుంట వచ్చినోళ్లు నడుసుకుంట పోంగ చూసిన."

మా అత్త ఇంకో ఆకు అందుకుంది. "నడుసుడు నాకొస్తది. కింద కూసునుడు రావాలె."

"అదీ వస్తది."

అక్కడ దాన్ని సౌనా అంటారట. మా ఇంట్లో ఆ మాట ఎవరికీ నోరు తిరగలేదు. మా అత్త ఉడుకర్ర అంది. ఉడుకు ఉన్న అర్ర, అంటే వేడి గది, అంతే.

పెరట్లో తునికాకు కట్టలు పెట్టే మట్టిగోడల అర్ర ఒకటి ఉంది. గోడలు మందం, కిటికీ లేదు, తలుపు చిన్నది. దాన్ని ఖాళీ చేద్దామన్నారు. అంతవరకు అందరిదీ ఒకే మాట. వేడి ఎలా పుట్టించాలనే దగ్గర తండ్రికీ కొడుకుకీ చెడింది.

మా మరిది కరెంటు అన్నాడు. పొగ రాదు, బూడిద రాదు, మీట నొక్కితే అయిపోతుంది. మా మామ కట్టెలు అన్నాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో కట్టెలున్నాయి కాబట్టి అన్నాడు.

"మీ హోటల్ల ఏదిరా ఉన్నది?"

"రెండున్నయి బాపు. వచ్చెటోళ్లకు కరెంటుది. ఎనకదిక్కు తోటల కట్టెలది, అది హోటల్ మాలిక్‌కు ఒక్కనికే."

"మాలిక్ తనకేమో కట్టెలది పెట్టుకున్నడా?"

"ఔ."

"ఇంకేంది మరి!"

"మాలిక్‌కు కట్టెలు కొట్టెటందుకు నలుగురున్నరు బాపు."

"మీ అవ్వకు నేనున్న గదరా" అని మా మామ గొడ్డలి తెచ్చుకోవడానికి లేచాడు. వాదన అయిపోయింది.

రోడ్డు పనుల దగ్గర పడి ఉన్న డాంబరు డ్రమ్ము ఒకటి మా మామ దొర్లించుకుని వచ్చాడు. దాన్ని గోడలోంచి అడ్డంగా దూర్చారు. నోరు బయట పెరట్లోకి, ఒళ్లు లోపలికి. కట్టెలు బయటి నుంచి పెట్టాలి, లోపల డ్రమ్ము మీద రాళ్లు పేర్చాలి. పొగ పోవడానికి ఒక రేకు గొట్టం. చూడ్డానికి బాగానే ఉంది. మొదటిసారి మంట పెట్టగానే లోపల అడుగున మిగిలిన డాంబరు కరగడం మొదలుపెట్టింది. ఆ వాసనకు వీధి చివరి ముసలాయన మన వీధికి రోడ్డు వేస్తున్నారనుకుని కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, రోడ్డు లేకపోయేసరికి మమ్మల్ని రెండు మాటలని లోపలికి పోయాడు.

డాంబరంతా కాలిపోయేదాకా ఓపిక పట్టాం. తర్వాత అర్ర నిజంగానే వేడెక్కింది. మా అత్తను లోపల బల్ల మీద కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చుని, మరిది చెంబుతో రాళ్ల మీద నీళ్లు పోస్తే చుయ్యిమని ఆవిరి లేచేది. యారాలు కూడా వస్తానంది గానీ మా అత్త గడప తొక్కనివ్వలేదు. "కడుపులున్నదాన్ని ఉడుకవెడ్తవా? పోయి నీడకు కూసో" అని కసిరింది. తను మాత్రం చెమటలు కారుతుంటే కళ్లు మూసుకుని కూర్చునేది. బయటికి వచ్చాక మోకాళ్లు ఒత్తుకుని "జెర నయమే" అనేది. ఆ నయానికి మేమంతా సంబరపడేవాళ్లం. కింద కూర్చోవడం మాత్రం రాలేదు.

ఇంతలో మా మామకు ఒక సంగతి తోచింది. ఆ రోజుల్లో పొద్దునపూట మంచు విపరీతంగా పడేది. వాకిట్లో పోసిన మిరపకాయలు ఎంతకూ ఎండేవి కావు. ఇక్కడ చూస్తే అంత వేడి అర్ర, రోజులో కాసేపు తప్ప మిగతా పొద్దంతా ఊరికే ఉంటోంది. వేడి వృథా పోవడం మా మామ చూడలేకపోయాడు. ఎవరికీ చెప్పకుండా మిరపకాయలు తీసుకుపోయి బల్ల మీదా, రాళ్ల మీదా పరిచాడు. సాయంత్రం మేము వచ్చే ముందు మళ్లీ అన్నీ ఎత్తేశాడు. అన్నీ అని ఆయన అనుకున్నాడు.

ఆ సాయంత్రం మేము లోపల కూర్చుని తలుపు వేసుకున్నాం. ఎక్కడో తాలింపు వాసన వచ్చింది. పక్కింటి చాచీ వాళ్లు వంట మొదలుపెట్టారనుకున్నాం. మరిది చెంబెడు నీళ్లు రాళ్ల మీద పోశాడు.

రాళ్ల సందుల్లో ఎన్ని మిరపకాయలు ఉండిపోయాయో ఆ దేవుడికే తెలియాలి. ఆవిరి లేచింది. తర్వాత కాసేపు ఎవరికీ ఏమీ కనబడలేదు. నేను తలుపు అనుకుని గోడను తోశాను. మరిది దగ్గుతూ "అవ్వను పట్టుకోండ్రి, అవ్వను పట్టుకోండ్రి" అని అరుస్తున్నాడు. తలుపు దొరికి మేము బయట పడేసరికి, ఇద్దరు పట్టుకుంటే గానీ బల్ల మీది నుంచి లేవని మా అత్త మా అందరికంటే ముందే బయటికొచ్చి వేపచెట్టు దగ్గర నిలబడి ఉంది.

మా మామ ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, "పనిచేసిందిరో" అన్నాడు.

మా అత్త మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు "ఆ కట్టెల దుకాణం నాకొద్దు, కరెంటుదే పెట్టుండ్రి" అంది.

మా ఆయన అప్పుడు కామారెడ్డిలో రైస్ మిల్లులో పనికి ఉండేవాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. మరిది కామారెడ్డి పోయి, అన్నదమ్ములిద్దరూ కలిసి బజారంతా తిరిగి, పొయ్యిలకు వాడే కాయిళ్లు కొని, ఒక ఇనుప పెట్టెలో బిగించి తెచ్చారు. బస్సులో ఆ పెట్టె ఏమిటని కండక్టర్ అడిగితే మా అవ్వ మోకాళ్లకని చెప్పారట. కండక్టర్ ఇంకేమీ అడగలేదు.

ఆ పెట్టె మీద రాళ్లు పేర్చారు. నేను చెంబు తీసుకుని పోతుంటే మరిది ఆపాడు.

"వదినే, దీని మీద నీళ్లు పొయ్యద్దు. షాక్ కొడ్తది."

"మీ హోటల్ల కరెంటు దాని మీద పొయ్యరా?"

"అది కంపెనీది. ఇది మనం చేసింది."

మా అత్త అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది. "నీళ్లు పొయ్యకుంటే, ఆవిరి రాకుంటే, అండ్ల నన్నెందుకు కూసోవెట్టుడురా? మక్కకంకినా నేను, కాల్చెటందుకు?"

ఆ బాధ కూడా ఎక్కువసేపు లేదు. కాయిల్ ఎర్రబడుతుందేమోనని అందరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. అది కొంచెం ఎర్రబడ్డట్టు అయింది. మళ్లీ నల్లబడింది. అప్పుడే బయట గడప దగ్గర కేక వినిపించింది.

మా పక్కింటి చాచీ వాళ్లకు పిండి గిర్ని ఉండేది. వాళ్ల గిర్నికీ మా ఇంటికీ ఒకే స్తంభం నుంచి తీగలు. మా కాయిల్ పెట్టగానే వాళ్ల గిర్ని మూలగడం మొదలుపెట్టింది. జొన్నల డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. చాచీ కనుబొమల మీద పిండితోనే మా ఇంటికి వచ్చింది.

"ఓ అక్కా, నీ మోకాళ్లు నడిస్తే నా గిర్ని నడుస్తలేదు!"

"నీ గిర్ని నడిచినన్ని దినాలు నా మోకాళ్లు నడువలేదు గదనే, నేనేమన్న అన్ననా?" అంది మా అత్త లోపలి నుంచి.

"అరే, ఊరంతా రొట్టెలు లేక పరేషాన్ అయితున్నరు అక్కా. జెర సోచాయించు."

వాళ్లిద్దరికీ మంచి స్నేహం. మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. కరెంటు వచ్చినప్పుడు ముందు గిర్ని, డబ్బాలన్నీ అయిపోయాక మోకాళ్లు. ఒప్పందం న్యాయమైనదే. కానీ డబ్బాలు అయిపోయేసరికి రోజూ కరెంటు వాటా కూడా అయిపోయేది. మా అత్త చీకటి అర్రలో చల్లటి పెట్టె పక్కన కాసేపు కూర్చుని బయటికి వచ్చేది. ఒకరోజు వాకిట్లో కుర్చీ వేసుకుని, "దానికంటె ఎండనే ఉడుకున్నది" అంది.  యారాలికి నెలలు నిండాయి.

అప్పుడు గాంధారి వియ్యపురాలు కాన్పుకు ముందే తన కూతుర్ని చూడటానికి వచ్చింది. కుర్చీలో ఉన్న మా అత్తను చూసి "అయ్యో వదినే, గిట్లయితివేంది?" అంది. పక్కన ఇంకో కుర్చీ వేస్తే వద్దంది. చేత్తో నేలను కూడా తాకకుండా అమాంతం కింద కూర్చుంది. మంచినీళ్లు తెచ్చుకుంటానని లేచింది. మళ్లీ కూర్చుంది. చెంబు పెట్టడానికి లేచింది. మళ్లీ కూర్చుంది. మా ఇంట్లో నీళ్లు ఇచ్చేవాళ్లే లేనట్టు.

"నేను పదిదినాలు ఉండెటట్టే వచ్చిన వదినే. నువ్వు రంది పెట్టుకోకు, పిల్లకు నేను పోస్త."

మా అత్త ఆమె వైపు చూడలేదు. నా వైపు చూసి, "కోడలా, మీ మామను కట్టెలు కొట్టమను" అంది.

కరెంటు పెట్టెను అర్రలోంచి తీసి బయట పడేశారు. డ్రమ్ము మీద మళ్లీ రాళ్లు పెట్టారు. మా అత్త తన కుర్చీని డ్రమ్ము నోటికి ఎదురుగా వేయించుకుంది. రాళ్ల సందులన్నీ నేను వేలు పెట్టి మరీ చూసి వచ్చానని చెప్తేనే మంట పెట్టనిచ్చింది.

మంట పెట్టడానికి మా మరిది కూర్చున్నాడు. మొదటిసారి కట్టెలు పెట్టినప్పుడు మంటంతా మా మామే చూసుకున్నాడు. ఇప్పుడు ఆయనకు కట్టె కొట్టి చేయి పట్టేసింది. గల్ఫ్‌లో మరిది ఇన్నేళ్లు రాళ్ల మీద నీళ్లు పోశాడు గానీ మంట పెట్టలేదు, అది వేరేవాళ్ల పని. లావు కట్టెలు కుక్కి, పైన ఇంత కిరోసిన్ పోసి, అగ్గిపుల్ల గీశాడు. భగ్గున లేచి చల్లారిపోయింది. తర్వాత అంతా పొగ.

"సన్నయి పెట్టురా ముందుగాల" అంది మా అత్త కుర్చీలోంచి.

సన్నవి పెట్టాడు. లావు వాటి మీద పెట్టాడు.

"కింద పెట్టు, కింద! గాలి ఎటుకెళ్లి పోతది గట్ల కుక్కితే?"

"పోతది అవ్వా, జెర ఆగు."

"ఎటు పోతది, నీ కండ్లల్లకు పోతున్నది!"

మా మామ కలగజేసుకుని ఒక కట్టె పీకాడు. మొత్తం కూలింది. వియ్యపురాలు "పోనీ, నేను పెట్టనా?" అని చీర కుచ్చిళ్లు దోపుకుంది.

మా అత్త ఒక చేత్తో గోడ పట్టుకుంది. ఇంకో చేత్తో కుర్చీ అంచు పట్టుకుంది. అరిచే మాట ఆపకుండానే, "ఒక పొయ్యి ముట్టియ్యరాదు, ఒక్కనికి రాదు ఈ ఇంట్ల" అంటూ జారింది. నేను పడిపోతోందనుకుని పరిగెత్తాను. పడలేదు. కింద కూర్చుంది. ఒక కాలు సగం మడిచి, ఒక కాలు ముందుకు పెట్టి, ఊదుగొట్టం తీసుకుని డ్రమ్ములోకి ఊదింది. రెండు పుల్లలు జరిపింది. ఇంకోసారి ఊదింది. మంట అందుకుంది.

 కట్టెలు చిటపటమంటున్నాయి.

"అత్తా" అన్నాను నేను. "మీరు కింద కూసున్నరు."

"నాకు తెల్వదా? ముందు ఆ మొద్దు ఇటియ్యి."

మంట నిలబడ్డాక లేవబోయింది. రాలేదు. మా మామ ఒక రెక్క, మరిది ఒక రెక్క పట్టుకుని లేపారు. లేచి చీర దులుపుకుని, వియ్యపురాలి వైపు ఇప్పుడు చూసింది.

"కూసునుడు నా వంతు. లేపుడు వీళ్ల వంతు" అంది.

ఆ తర్వాత మంట దగ్గరికి ఇంకెవరినీ రానివ్వలేదు. రోజూ గోడ పట్టుకుని దిగేది, ముట్టించేది, మేము లేపేవాళ్లం, లోపలికి పోయి ఆవిరిలో కూర్చునేది. బయటికొచ్చి కాళ్లకు నూనె రాయించుకునేది. దిగేటప్పుడు మొదట్లో ఒక కాలే ముందుకు వచ్చేది. తర్వాత రెండోది కూడా మెల్లగా రావడం మొదలుపెట్టింది. అది వేడి వల్లనా, రోజూ కింద కూర్చోవడం వల్లనా అని ఇంట్లో ఇప్పటికీ ఒక మాట లేదు. కట్టెల వేడి ఎముకలోకి దిగుతుందని మా మామ వాదించేవాడు. వేడి ఏదైనా వేడేనని, కరెంటు సరిగా ఉంటే అదీ పనిచేసేదని మరిది అనేవాడు. మా అత్తను అడిగితే, "మీకు పొయ్యి ముట్టియ్యరాకపోవుడే నాకు మందాయె" అనేది.

శివరాత్రి ఇంకా రాకముందే యారాలికి ఆడపిల్ల పుట్టింది. నీళ్లు పోసే రోజు పొద్దున ఉడుకర్ర డ్రమ్ము మీదే వావిలాకు వేసి నీళ్లు కాచాం. మా అత్త బండ దగ్గరికి వచ్చి, గోడ పట్టుకుని దిగి, కాళ్లు బారజాపింది. కుడికాలు పూర్తిగా చాపుకుంది. ఎడమ మోకాలు మాత్రం కొంచెం లేచే ఉంది. పిల్లను పెడితే ఒక పక్కకు ఒరిగింది. నేను పాత చీర మడత పెట్టి కుడికాలి కిందికి తోశాను. రెండు కాళ్లూ సమం అయ్యాయి.

వియ్యపురాలు ఆ పది రోజులూ అయిపోయినా పోలేదు. దూరంగా నిలబడి చూస్తోంది. మా అత్త పిల్ల వీపు రుద్దుతూ, తల ఎత్తకుండానే, "వదినే, నీ మోకాళ్లు మంచిగున్నయంటివి గదా. ఆ నీళ్లు తోడి ఇయ్యరాదూ" అంది.

ఆమె వచ్చి నీళ్లు తోడింది. వేడి చూసి చూసి, ఒక్కొక్క చెంబు అందించింది. పిల్ల మొదట కెవ్వుమని ఏడ్చి, తర్వాత అలవాటైనట్టు ఊరుకుంది. మా అత్త పిల్ల ముక్కును రెండు వేళ్లతో సాగదీసింది. అయిపోయాక పిల్లను నాకిచ్చి రెండు చేతులూ పైకి చాచింది. ఒక రెక్క నేను పట్టుకుందామనుకున్నాను, నా చేతుల్లో పిల్ల ఉంది. వియ్యపురాలే పట్టుకుని లేపింది. "బరువున్నవు వదినే" అంది. "కూసున్నదాన్ని లేపుతుంటె ఎవలైనా బరువే" అంది మా అత్త.

కరెంటు పెట్టె చాలా ఏళ్లు పెరట్లోనే ఉంది. మా మామ దాన్ని బోర్లించి, ఎండలో దాని మీద మిరపకాయలు ఆరబోసేవాడు. బాగా ఎండేవి. ఆ పిల్ల ముక్కు చాలా సూటిగా వచ్చింది.

ఇక లేవండి, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. మీ ఇంట్లో పొయ్యి ఒక్క ఊదుకే అంటుకోవాలి. మీ మోకాళ్ల మీద మనవలూ మనవరాళ్లూ తేలాలి. మీరెప్పుడు కింద కూర్చున్నా, లేపడానికి అటొకరు ఇటొకరు మీ ఇంట్లో ఉండాలి.